స్టెఫాన్ మార్బరీ: పరదేశమున నిలిచిన ఆటగాడు

అమెరికాదేశపు బాస్కెట్ బాల్ ఆటగాడొకడు స్వదేశపు జట్లను విడిచి పరదేశమున ఆడుచున్నాడని వినినతోడనే, అక్కడ చెల్లని నాణెము గనుక ఇక్కడికి దొర్లుకొని వచ్చినదని తేల్చివేయుట, ఆటల సంగతి బాగుగా తెలిసినవారిలో సైతము వాడుకగా నున్నది. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. నేషనల్ బాస్కెట్ బాల్ అసోసియేషన్ అను వారి మహాసంఘమున జట్లు 30 మాత్రమే. ఒక్కొక్క జట్టున స్థిరమైన చోట్లు 15. కళాశాలలనుండి ఏటేట వెలువడు ఆటగాండ్రన్ననో వేలకొలది. చోటు దొరకనివారు ఇటలీకో, స్పెయినుకో, గ్రీసుకో, టర్కీకో, చైనాకో పోవుదురు. ఒప్పందము తరచుగా కొన్ని నెలలకు మాత్రమే. భాష రాదు, భోజనము సయింపదు, జట్టులోని తక్కినవారి పేర్లు నోటికి వచ్చులోపలనే ఆటకాలము ముగియును. వరుసగా నాలుగాటలు ఓడినచో మొట్టమొదట ఇంటికి పంపబడువాడు ఆ విదేశీయుడే. ఇట్టి కూలియాటలో మనుష్యుని గుణము వృద్ధిపొందుటకు తావెక్కడిదని అడుగువారికి సమాధానముగా స్టెఫాన్ మార్బరీ అనువాని జీవితమును ఈ పుటలలో చెప్పదలచితిని. అతని కథలో ఆటకంటె పెద్ద సంగతి యొకటి యున్నది. అది పాఠశాలలకు సంబంధించినది.

ముందుగా ఒక చిన్నమాట. బాస్కెట్ బాల్ మనకు పరాయి ఆట కాదు. 1891 డిసెంబరు నెలలో మాసచూసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు నగరమందలి వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు, చలికాలమున బయట ఆడ వీలులేక విసిగియున్న ఒక పెంకి తరగతిని అదుపులో పెట్టుటకై, రెండు పండ్లబుట్టలను ఎత్తుగా బిగింపించి, 13 నియమములు వ్రాసి, ఈ యాటను కల్పించెను. పెంకి తరగతికొరకు ఒక పంతులు కనిపెట్టిన ఆట యిది యని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక. నాలుగేండ్లకు, 1895లో, ఆ సంఘమువారే దీనిని చైనాలోని తియాంజిన్ నగరమునకు తీసికొనిపోయిరి. మన వైపున 1920లో హారీ క్రో బక్ దొరగారు మద్రాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామశిక్షణ విద్యాలయములో చదివివచ్చిన డ్రిల్లు మాష్టర్లు దీనిని పాఠశాలల ఆవరణములలో నాటిరి. కనుక న్యూయార్కులో పుట్టినవాడు బీజింగులో ఆడిన ఆటను గూర్చి మన పత్రికలో వ్రాయుట అంత వింతకాదు.

మార్బరీ 1977 ఫిబ్రవరి 20వ తేదీన న్యూయార్కు నగరములో బ్రూక్లిన్ భాగమున జన్మించెను. అతడు పెరిగిన కోనీ ఐలండ్ సముద్రతీరపు పేట. వేసవిలో రంగులరాట్నముల కొరకు వచ్చు జనముతో అది కిటకిటలాడును గాని, ఆ వినోదముల వెనుక బీదలకై ప్రభుత్వము కట్టించిన ఎత్తైన భవనములలో కాపురముండువారి బ్రదుకులో వినోదము తక్కువ. ఏడుగురు బిడ్డలు గల సంసారము. అన్నలును మంచి ఆటగాండ్రే గాని మహాసంఘమున అడుగిడలేకపోయిరి. వారికి తప్పిపోయినదంతయు తమ్ముడు సాధింపవలెనని ఇంటిల్లిపాదియు కోరుకొనిరి. పసివాని చేతిలోని బంతికి ఇంటి కష్టములన్నియు ముడివడినప్పుడు వాడు ఆటను ఆటగా ఎట్లు చూడగలడు? పదవ తరగతి మార్కులమీదనే ఇంటి అప్పులన్నియు తీర్చుకొనజూచు తలిదండ్రులు ఈ మాట కొంచెము ఆలోచింతురని నా ఆశ.

అబ్రహాము లింకన్ హైస్కూలులో ఆడుచుండగనే అతని పేరు దేశమంతట ప్రాకెను. జార్జియా టెక్ కళాశాలలో చదివినది ఒక్క సంవత్సరమే. 1996లో ఆటగాండ్రను పంచుకొను కూటమియందు నాలుగవవానిగా ఎన్నుకొనబడి మిన్నెసోటా జట్టున చేరెను. అప్పటి కతనికి 19 ఏండ్లు. అచ్చట కెవిన్ గార్నెట్ అను మరియొక గొప్ప యువకుడు తోడుగా దొరకెను. ఆ జంట కలిసియున్నచో ఏమయ్యెడిదో! మూడవ ఆటకాలము ముగియకమున్నే, 1999లో, మార్బరీ తన్ను వేరొకచోటికి పంపుమని పట్టుపట్టి న్యూజెర్సీకి పోయెను. 2001లో అచ్చటినుండి ఫీనిక్స్‌కును, 2004లో పుట్టిన ఊరి జట్టగు న్యూయార్కు నిక్స్‌కును మారెను.

ఆటలో అతనికి లోటు లేదు. మహాసంఘమున మొత్తము 846 ఆటలాడి, ఆటకు 19.3 పాయింట్లును 7.6 అందింపులును సగటుగా సాధించెను. 2001లోను 2003లోను తారల ఆటకు ఎన్నికయ్యెను. 2004 ఏథెన్సు ఒలింపిక్కులలో స్పెయినుపై ఒక్కడే 31 పాయింట్లు చేసి అంతవరకు అమెరికావా రెవ్వరును చేయని లెక్క చూపెను. అయినను అతడు విడిచిన జట్లు అతడు పోయిన వెంటనే బాగుపడుట లోకమంతయు చూచెను. అతనికి బదులు జేసన్ కిడ్ వచ్చిన న్యూజెర్సీ 2002లోను 2003లోను తుదిపోటీకి చేరినది. స్టీవ్ నాష్ వచ్చిన ఫీనిక్స్ 2004-05లో 62 ఆటలు గెలిచినది. కళ్లెదుట ఇట్టి లెక్కలుండగా, ఇతడు తనకొరకే ఆడుకొనువాడు, ఇతడున్న జట్టు బాగుపడదు అను మాట అతని నుదుట ముద్రవలె పడుటలో ఆశ్చర్యమేమి?

న్యూయార్కులో ఆ ముద్ర మరింత కాలినది. 2005-06లో లారీ బ్రౌన్ అను శిక్షకునితో తగవు. 2007 నవంబరులో ఐజయా టామస్‌తో తగవుపడి జట్టును విడిచి ఇంటికి పోవుట. 2008లో మైక్ డాంటోనీ అతనిని ఆడింపక కూర్చుండబెట్టుట. ఆ యేడు అతని జీతము రెండుకోట్ల డాలర్లకు పైబడియుండెను. ఆటలేని ఆటగానికి అంత సొమ్మా యని పత్రికలవారు గగ్గోలుపెట్టిరి. ఇక్కడ ఒక విచిత్రము చెప్పక తప్పదు. ఆ డాంటోనీయే యౌవనమున అమెరికాలో అంతగా రాణింపక, ఇటలీకి పోయి, మిలాన్ జట్టున ఏండ్ల తరబడి ఆడి, 1987లోను 1988లోను యూరపు కప్పు గెలిచి పేరుపొందినవాడు. పరదేశము మనుష్యుని నిలబెట్టగలదని ఆయన కెవరును బోధింప నక్కరలేదు!

ఈ తగవుల నడుమ జరిగిన ఒక సంగతిని పత్రికలు ఒకనాడు వ్రాసి మరచినవి. 2007 డిసెంబరు 2వ తేదీన మార్బరీ ఆడుచుండగనే, ఆట చూడ వచ్చిన అతని తండ్రికి గుండెనొప్పి వచ్చెను. ఆసుపత్రికి తీసికొనిపోయిరి గాని ఆయన బ్రదుకలేదు. ఆట ముగిసినదాక కుమారునికి ఈ మాట తెలియలేదు. తరువాతి కాలమున అతడు తన మనస్సు చెదరిపోయినదనియు, చావవలెననిపించినదనియు తానే చెప్పుకొనెను. 2009 వేసవిలో అంతర్జాలమున గంటలకొలది తన్ను తాను చూపుకొనుచు అతడు చేసిన పిచ్చిచేష్టలను చూచి లోకులు నవ్విరి. పగిలిన కుండను చూచి నవ్వుట సులభమే గదా.

మరియొక సంగతికూడ ఈ చోటనే చెప్పవలెను. అతడు స్వార్థపరుడని పేరుపడియున్న దినములలోనే, 2006లో, తన పేర ఒక జత చెప్పులు, అనగా ఆటబూట్లు, 14 డాలర్ల 98 సెంట్లకు అమ్మించెను. తక్కిన ఆటగాండ్ర పేరుగల బూట్లు నూరు, నూటయేబది డాలర్లు పలుకుచుండెను. బీదపిల్లలు వానికొరకు తల్లులను పీడించుట, ఒకరి బూట్ల నొకరు లాగుకొనుట అతడు తన పేటలో చూచియున్నాడు. ఆ చవుక బూట్లనే తానును తొడిగికొని మహాసంఘపు ఆటలలో ఆడెను. అమ్మిన దుకాణములవారు 2008లో దివాలా తీయుటచే ఆ పని నిలిచిపోయినది. స్వార్థపరుడన్న మాటయు ఈ బూట్లును ఒకే మనుష్యునివి. నడవడిని ఒక్క మాటలో ఇమిడ్చి వ్రాయువారు ఈ బూట్లను ఏ గడిలో వేయుదురో నాకు తెలియదు.

2010 జనవరిలో, తనకు 33 ఏండ్లు నిండవచ్చుచుండగా, మార్బరీ చైనాకు పోయెను. బీజింగునకు కాదు, షాంఘైకి కాదు. షాన్సీ రాష్ట్రమున బొగ్గుగనుల నడుమనున్న తైయువాన్ నగరమునకు. అప్పు డచ్చట గడ్డకట్టించు చలికాలము. తన బూట్ల వ్యాపారమును ఆ దేశమున మరల నెలకొల్పుకొనవచ్చుననియు అతడు తలచెను. ఇందులో దాచవలసిన దేదియు లేదు. ఆ జట్టు తరువాతి యేటికి అతనిని నిలుపుకొనలేదు. దక్షిణముననున్న ఫోషాన్ నగరపు జట్టులో మరియొక యేడు ఆడెను. ఆ జట్టు తుది పోటీలకు చేరనేలేదు. అనగా దేశము మారినంతమాత్రమున అతని అదృష్టము మారలేదు. ఈ రెండేండ్ల సంగతి అతని స్తోత్రపాఠకులు తరచుగా విడిచిపెట్టుదురు. నాకు మాత్రము కథయంతటిలో ఇదియే ముఖ్యమని తోచుచున్నది. రెండుచోట్ల ఫలింపని తరువాత గూడ అతడు టిక్కెట్టు కొనుక్కొని ఇంటికి పోలేదు.

2011లో బీజింగు డక్స్ అను జట్టువారు అతనిని చేర్చుకొనిరి. చైనా సంఘము 1995లో ఏర్పడినది మొదలు ఆ జట్టు ఒక్కసారియు ప్రథమస్థానము పొంది యెరుగదు. ఆ యేడు మొదటి 13 ఆటలును వరుసగా గెలిచినది. తుదిపోటీలో ఎదురైనది గ్వాంగ్‌డాంగ్, అంతకుముందు నాలుగేండ్లు వరుసగా గెలిచిన జట్టు. 2012 మార్చి 30వ తేదీన అయిదవ ఆటలో మార్బరీ 41 పాయింట్లు చేయగా బీజింగు 124-121తో నెగ్గి, పోటీని 4-1గా ముగించెను. ఆట ముగిసినంతనే అతడు నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చెను. మహాసంఘమున 13 ఏండ్లాడి అతడు పొందని విజయమిది. ఆ యేడే ఆటశాల యెదుట అతని విగ్రహము నిలిపిరి. తరువాత 2014లో షిన్‌జియాంగ్‌పైనను, 2015లో లియావోనింగ్‌పైనను గెలిచి ఆ జట్టు మూడుమార్లు ప్రథమస్థానము పొందినది. ఈ మూడు విజయములకును శిక్షకుడు ఒక్కడే, మిన్ లూలే అనునతడు. అమెరికాలో శిక్షకులందరితోను తగవులాడిన మనుష్యుడు, తన భాష రాని ఈ శిక్షకుని క్రింద ఏండ్ల తరబడి ఒదిగి ఆడెను.

ఆ నగరమున అతడు బ్రదికిన తీరును గూడ చెప్పవలెను. జనముతోపాటు భూగర్భపు రైలులో నిలుచుండి అభ్యాసమునకు పోయెడివాడు. జట్టులోని చైనా కుర్రవాండ్రు నిరుత్సాహపడినప్పుడు వారిని కూడగట్టి మాటలాడెడివాడు. అందుచే జనులతనికి "మా జెంగ్‌వెయి" యని పేరిడిరి. "మా" యనునది అతని పేరులోని మొదటి అక్షరము, చైనావారిలో వాడుకయైన ఇంటిపేరు కూడ. "జెంగ్‌వెయి" అనగా సైన్యమున సిపాయిల మనస్సు చెదరకుండ చూచు అధికారి. ఒక దేశమున జట్టును చెరచువాడని పేరుపడినవానికి మరియొక దేశమున లభించిన బిరుదు ఇది. 2014లో అతని జీవితమును గూర్చి బీజింగులో సంగీతనాటకమాడిరి. అందు అతడే తన పాత్ర ధరించెను. ఆ యేడే ఆ నగరము అతనికి గౌరవపౌరసత్వ మిచ్చెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. చెట్టులేని చోట ఆముదపుచెట్టే మహావృక్షమను సామెత చెప్పి, చైనాలో ఆట తక్కువస్థాయిది గనుక ఇతడు గొప్పవాడుగా కనబడెనందురు. ఆట స్థాయి తక్కువ యనుట నిజమే. కాని అమెరికాలో మార్బరీకంటె ఎక్కువ కీర్తిగన్న ట్రేసీ మెక్‌గ్రేడీ 2012-13లో చింగ్‌డావో జట్టున ఆడెను. ఆటకు సుమారు 25 పాయింట్లు చేసెను. జనులు అతనిని చూడ విరగబడిరి. ఆ జట్టు పట్టికలో కడపటిదిగా నిలిచినది. అతడు ఆ ఒక్క ఆటకాలముతో వెడలిపోయెను. ఆముదపుచెట్టు సామెత అతని యెడల ఏల ఫలింపలేదు?

నా అభిప్రాయమున భేదమంతయు రెండు సంగతులలో నున్నది. ఒకటి, చైనా సంఘపు నియమము. అప్పట్లో ఒక్కొక్క జట్టున విదేశీయులు సాధారణముగా ఇద్దరే యుండెడివారు. వారిని ఆడించు కాలమునకును హద్దు ఉండెను. ఎంత గొప్పవాడైనను కొంతసేపు బల్లమీద కూర్చుండి, తన గెలుపు ఇతరుల చేతులలో నుండుట చూడవలసినదే. న్యూయార్కులో బల్లమీద కూర్చుండబెట్టుట అతనికి శిక్ష. బీజింగులో అది అందరికి నియమము. ఆ కుర్రవాండ్రు బాగుగా ఆడిననేగాని తనకు గెలుపు లేదు గనుక వారిని తీర్చిదిద్దుకొనుట అతని పనియయ్యెను. హద్దును బాధ్యతయు ఒకేసారి లభించినవి. రెండవది, ఆరు ఆటకాలములు ఒకే జట్టున నిలుచుట. అమెరికాలో ఏ జట్టునను ఇంత నిలుకడగా, ఇంత నమ్మకముతో అతడు ఉండలేదు, ఉండనీయబడలేదు.

ఇక మన సంగతి. ప్రతి జూను నెలలోను వేరు పాఠశాలలనుండి వచ్చు బాలురు ట్రాన్స్‌ఫర్ సర్టిఫికేట్లు తెత్తురు. అందులో నడవడి యను గడి యొకటి కలదు. దానిలో వ్రాసిన ఒక్క మాటను చూచి, లేక ఏమియు వ్రాయక విడిచిన ఖాళీని చూచి, చోటు లేదని పంపివేయు పాఠశాలలను ఎరుగుదును. చేర్చుకొనినను, కిటికీ పగిలినప్పుడెల్ల ముందుగా ఆ బాలునివైపు చూచు ఉపాధ్యాయులను ఎరుగుదును. మొక్కై వంగనిది మ్రానై వంగునా యను సామెత మన నోట సిద్ధముగా నుండును. మార్బరీ 34వ యేట వంగెను. మ్రాను వంగుట చూచినవారు బీజింగులో లక్షలమంది యున్నారు.

ఆ గడిలోని మాట అబద్ధమని నేననుట లేదు. న్యూయార్కు పత్రికలు వ్రాసినదియు అబద్ధము కాదు; తగవులు జరిగినవి, అతడు జట్టును విడిచిపోయెను. జరిగినదానిని వ్రాయుట వేరు, అదియే మనుష్యుని స్వభావమని వ్రాయుట వేరు. అట్లే, కుళ్లిన మామిడిపండొకటి బుట్టనంతయు చెరచునను తలిదండ్రుల భయమును నేను త్రోసివేయను. వారి బిడ్డలు ఆ తరగతిలోనే కూర్చుండవలెను గదా. అందుకే హద్దు లేకుండ చేర్చుకొనుమని నా మాట కాదు. పెంకివానిని చేర్చుకొన్ననాడే నియమములు స్పష్టముగా చెప్పవలెను. అవి తరగతి కంతటికిని ఒక్కటిగా నుండవలెను. వానికొరకు ప్రత్యేకముగా కల్పించినవి కారాదు. దానితోపాటు చిన్నపిల్లల ఆటజట్టునో, తోటపనినో, గ్రంథాలయపు పుస్తకముల లెక్కనో వాని చేతి కప్పగింపవలెను. మొదటి మూడునెలల పరీక్షలో ఫలము కనబడలేదని మరియొక పత్రము వ్రాసి పంపివేయరాదు. తైయువాన్, ఫోషాన్‌లలో గడచిన రెండేండ్లును బీజింగునకు పెట్టుబడియే యని నా నమ్మకము.

మార్బరీ కథ పండుగవలె ముగియలేదని గూడ చెప్పవలెను. 2017లో బీజింగు డక్స్ వారు అతనిని ఆటగానిగా నిలుపుకొనలేదు, శిక్షకపదవి ఇత్తుమనిరి. అతనికి ఇంకొక యేడు ఆడవలెనని కోరిక. విగ్రహము నిలిపినవారితోనే మాట కుదరక అదే నగరమందలి బీకోంగ్ అను మరియొక జట్టునకు పోయెను. న్యూయార్కులోవలె తలుపు విసరికొట్టి పోలేదు. 2018 ఫిబ్రవరి 11వ తేదీన జియాంగ్సు జట్టుపై కడపటి ఆట ఆడి, 20 పాయింట్లు చేసి, 104-92తో గెలిచి విరమించెను. 2019లో బీకోంగ్ జట్టునకే ప్రధానశిక్షకుడయ్యెను. 2020 మార్చిలో కోవిడు జాడ్యము తాను పుట్టిన న్యూయార్కును పట్టి పీడించుచుండగా, చైనానుండి కోటి ముఖకవచములు చవుకగా అచ్చటికి పంపించుటకు యత్నించెను. తన్ను ఎగతాళిచేసిన ఊరది.

వచ్చు జూను నెలలో చేరికలు ప్రారంభమగుటకు ముందే ఉపాధ్యాయసభలో నడవడి గడి సంగతి చర్చకు తేవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాను. తలిదండ్రులలో ఎవరికైన భిన్నాభిప్రాయమున్నయెడల వచ్చి సభలోనే చెప్పవచ్చును.